షాపు మూసేయాలా, సాఫ్ట్‌వేర్ మార్చాలా?

ప్రశ్న: అయ్యా, విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో నాకు చిన్న డీటీపీ, జిరాక్సు షాపు ఉంది. పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మూడు కంప్యూటర్లు. విండోస్ మొదలుకొని పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్‌డ్రా దాకా అందులో ఏదీ కొన్నది కాదు, కంప్యూటర్ అమ్మినాయనే వేసిచ్చాడు. కిందటి నెల ఎవరో ఫోన్ చేసి, 'మీ షాపులో దొంగ సాఫ్ట్‌వేర్ ఉందని రిపోర్టు వచ్చింది, నలభై వేలు కడితే ఇక్కడితో పోతుంది, లేకపోతే రైడ్' అన్నాడు. అప్పట్నుంచి షాపు ముందు జీపు ఆగితే చాలు, టెన్షన్. మా బావమరిది 'ఊరంతా వాడుతోంది, నీకొక్కడికే ఏమవుతుంది' అంటాడు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి 'కాపీరైట్ అనేదే అన్యాయం నాన్నా, అన్నీ తీసేసి విండోస్ బదులు లైనక్స్ వేద్దాం' అంటాడు. షాపులో కుర్రాడు పెన్‌డ్రైవుల్లో సినిమాలు ఎక్కించి ఇస్తుంటాడు. కాలేజీ పిల్లలు పుస్తకాలు మొత్తం జిరాక్సు తీయమంటారు. ఇందులో ఏది తప్పు, ఏది కాదు? నేనేం చెయ్యాలి? దయచేసి పేరు వెయ్యొద్దు.

జవాబు: పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి డీటీపీ బాబుగారూ అని పిలుస్తాను, ఏమనుకోకండి.

ముందు ఆ ఫోన్ సంగతి. డబ్బు కట్టకండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు నోటీసులు ఇవ్వడం, ఎన్ని లైసెన్సులు ఉన్నాయో లెక్క చెప్పమనడం నిజంగానే ఉంది. కానీ అది రాతపూర్వకంగా వస్తుంది, కంపెనీ పేరుంటుంది, చాలాసార్లు లాయరు సంతకమూ ఉంటుంది. నలభై వేలు పడేస్తే వదిలేస్తామని ఫోన్లో బేరం పెట్టేవాడు మీ భయాన్ని వసూలు చేసుకునేవాడు. మళ్లీ చేస్తే, 'ఏదున్నా రాసి పంపండి బాబూ, మా లాయరుకి చూపిస్తాను' అని పెట్టేయండి. పట్టు వదలకపోతే 1930కి ఫోన్ చేసి చెప్పండి, అది సైబర్ మోసాల నంబరు. నిజమైన నోటీసే వస్తే మాత్రం చింపి చెత్తబుట్టలో వేయకండి, లాయరు దగ్గరికి పట్టుకెళ్లండి.

అంతమాత్రాన మీ భయం వట్టిదని అనలేను. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ ఒక ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు, దాంతోపాటు 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాదు, ఇంట్లో సొంతానికి అయితే, కోర్టు తగిన కారణం చూసి జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. మీది ఇల్లు కాదు, షాపు. 'నాకు తెలీదు, అమ్మినాయన వేశాడు' అనే మాట కూడా మీకిక పనికిరాదు, ఉత్తరంలో మీరే రాసేశారు కదా. దొంగ కాపీలను స్వాధీనం చేసుకోవడానికి ఎస్సై స్థాయి అధికారికి వారంటు అక్కర్లేదు.

మీ బావమరిది మాట సగం నిజం, ఊరంతా వాడుతోంది. రోడ్డు మీద అందరూ హెల్మెట్ లేకుండానే తిరుగుతారు, చలానా మాత్రం ఒక్కడికే వస్తుంది. మీ పేరు ఎవరికి తెలుస్తుందని కూడా ఆయన అంటుంటే ఒక తమాషా చెప్పండి. కాపీలు చేసేవాళ్ల పేర్లు తెలియనప్పుడు మన కోర్టులు 'అశోక్ కుమార్' అని ఒక ఉత్తుత్తి పేరు పెట్టి ఆర్డరు ఇస్తుంటాయి. ఎవరు దొరికితే వాళ్లే అశోక్ కుమార్.

సినిమాల విషయంలో నేను నసగను. ఈ ఉత్తరం చదివిన పూటే ఆపేయండి. జీబీకి ఇంత అని తీసుకుని పాటలు, సినిమాలు ఎక్కించే రోజులు మనమందరం చూశాం. నా మొదటి టచ్‌ఫోన్‌లో పాటలన్నీ అలా ఎక్కించుకున్నవే, ఇక్కడ సుద్దపూసనని చెప్పుకోను. అయితే డబ్బు పుచ్చుకుని ఇవ్వడం 63వ సెక్షన్ కిందికి వస్తుంది, కనీసం 6 నెలల నుంచి 3 ఏళ్లు. ఈ నేరం బెయిల్ హక్కుగా దొరికే రకం కాదని సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చేసింది. హాల్లో కూర్చుని సినిమాను ఫోన్లో తీసేవాళ్లకయితే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి జరిమానాను కనీసం 3 లక్షలు చేశారు. పైకి సినిమా ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. మీ కుర్రాడు ఎక్కించేవాటిలో ఎక్కడో అలా పుట్టిన కాపీలూ ఉండొచ్చు. ఇరవై రూపాయలకి ఎంత రిస్కు తలకెత్తుకుంటున్నాడో వాడికి తెలీదు, మీకు తెలియాలి.

సినిమాలు దింపుకోవడానికి వాడతారని టోరెంట్ అనే పేరు వింటేనే నేరం అనుకోనక్కర్లేదు. అది ఒక పెద్ద ఫైలును ముక్కలు చేసి పదిమంది దగ్గర్నుంచి తెచ్చుకునే పద్ధతి, అంతే. మీ అబ్బాయి చెప్పే లైనక్స్‌ని చాలామంది దింపుకునేది దాంతోనే. ఆటోలో బడి పిల్లలూ వెళ్తారు, రేషన్ బియ్యమూ దాటుతుంది, ఆటో మీద కేసు పెట్టం కదా. (కొన్నిసార్లు పెడతారు లెండి.)

పుస్తకాల జిరాక్సు ఇంత తేలిగ్గా తేలేది కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో మీలాంటి ఒక జిరాక్సు షాపు మీద 2012లో మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు దావా వేశాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్. లెక్చరర్లు ఎంపిక చేసిన భాగాలను కుట్టి పిల్లలకు అమ్ముతోందన్నది ఆ షాపు చేసిన నేరం. 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ దావా కొట్టేసింది. చదువు చెప్పడంలో భాగంగా టీచరుగానీ విద్యార్థిగానీ కాపీ చేసుకోవచ్చని చట్టంలోనే ఉందని, కాపీరైట్ దేవుడిచ్చిన హక్కేమీ కాదని జడ్జిగారు రాశారు. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి దావాను మళ్లీ విచారించమంది గానీ, బోధనకు అవసరమైనంత కాపీ చేసుకోవచ్చన్న మాటను నిలబెట్టింది. 2017 మార్చిలో కంపెనీలే దావా వెనక్కి తీసుకున్నాయి. కాబట్టి మేష్టారు చెప్పిన నాలుగు చాప్టర్లు తీయించుకునే పిల్లలకు మీరు ధైర్యంగా తీసివ్వచ్చు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. నాకు తెలిసిన ఒక మాస్టారు రిటైరయ్యాక డీఎస్సీ పిల్లల కోసం తెలుగు వ్యాకరణం గైడ్ రాశారు. సొంత డబ్బు పెట్టి వెయ్యి కాపీలు వేయించారు. శ్రీకాకుళంలో ఒక షాపులో ఆధార్ కార్డు జిరాక్సు కోసం నిలబడితే, పక్క బల్ల మీద కుర్రాడు ఒక కట్టకి స్పైరల్ బైండింగ్ చిల్లులు కొడుతున్నాడు. పైన పేజీ చూస్తే తన పుస్తకమే. ఇంకో పది కట్టలు పక్కన పేర్చి ఉన్నాయి. 'ఎవరు రాశార్రా ఇది?' అని అడిగారట. 'ఎవులో మాస్టారంటండి, బాగా రాసినారంట' అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండా. ఈయన ఏమీ అనలేదు. 84వ పేజీ వంకరగా వచ్చిందని చూపించి, ఆధార్ జిరాక్సుకి రెండు రూపాయలు ఇచ్చి వచ్చేశారు. రెండో పుస్తకం రాస్తానన్నారు గానీ రాయలేదు. ఆయన ఇంట్లో మంచం కింద ఇంకా నాలుగు వందల కాపీలున్నాయి.

ఢిల్లీ తీర్పును పట్టుకొచ్చి ఈ మాస్టారి ముందు పెట్టలేం. మొత్తం పుస్తకం, అందులోనూ బజార్లో దొరికే పుస్తకం, పది కట్టలు తీసి అమ్మితే అది చదువు కాదు, ఆయన నోటి దగ్గర కూడు. అలాంటి బేరం వస్తే పుస్తకం దొరికే చోటు చెప్పి పంపేయండి. వాళ్లు పక్క షాపుకి పోతారు, నాకు తెలుసు. పోనివ్వండి.

ఇక మీ అబ్బాయి. వాడు చెప్పిన పని మంచిది, చెప్పిన కారణం మాత్రం తప్పు. ఈ రెండింటినీ విడదీసి చెప్తేగానీ వాడు మీ మాట వినడు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఈ భాగం వాడితో చదివించండి.

వాడు చెప్పే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలం, మీరు నమ్మరుగానీ, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థ ల్యాబులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్న వాళ్లందరి కంప్యూటర్లకీ కబురు వెళ్లేలా అతను ప్రోగ్రామును సర్దుకున్నాడు. తర్వాత కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది, మనం ఏ కంపెనీ పేరుతో కాపీని జిరాక్సు అంటామో ఆ కంపెనీదే. అదీ ఇరుక్కునేది. దాన్నీ అలాగే సర్దుదామంటే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు చదివి మార్చగలిగే ప్రోగ్రాము అసలు రాత, లేదు. అది ఉన్న మరో యూనివర్సిటీ మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను, ఇవ్వనన్నాడు. ప్రింటరులో ఇరుక్కున్న ఏ-4ను పళ్లు కొరుక్కుంటూ లాగిన అనుభవం మీకు రోజూ ఉంటుంది, ఆ మనిషికి ఎందుకంత కోపమొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్ర విద్యార్థి లైనక్స్ మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని ఆ లైసెన్సు కిందకే తెచ్చాడు. మీ జేబులో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనయితే అందులో అడుగున నడిచేది ఆ లైనక్సే.

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట ఉండటంతో వాళ్లకి నలభై ఏళ్లుగా ఆ తికమక పోలేదు. మనకు రెండు మాటలున్నాయి కాబట్టి ఆ బాధ లేదు. నీళ్లనే చూడండి. ఎలక్షన్ ముందు వీధిలోకి వచ్చే ట్యాంకరు ఉచితం. వాడు ఎప్పుడు మానేస్తే అప్పుడు మన బిందె ఎండుతుంది. ఊరి నుయ్యి అలా కాదు. చేద మనది, తాడు మనది, ఎండాకాలంలో దిగి పూడిక తీసే పనీ మనదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుయ్యి లాంటిది. ఎవరైనా వాడొచ్చు, లోపల ఏముందో దిగి చూడొచ్చు, బాగు చేయొచ్చు, బాగు చేసింది పదిమందికీ పంచొచ్చు. డబ్బుకి అమ్మినా తప్పులేదు. ఇప్పుడు మీ మూడు కంప్యూటర్లలో ఉన్నది ట్యాంకరూ కాదు, నుయ్యీ కాదు. పక్కవాడి బోరుకి రాత్రిపూట తగిలించిన పైపు.

అబ్బాయి గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కాపీరైట్ ఎత్తేయాలంటున్నాడు గానీ, వాడు మెచ్చుకునే జీపీఎల్ నిలబడింది కాపీరైట్ మీదే. 'నా ప్రోగ్రామును మార్చి పంచుతావా, సరే, సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి' అనే షరతు పెట్టే హక్కు రాసినవాడికి చట్టం ఇచ్చింది కాబట్టే పెద్ద కంపెనీలు కూడా ఆ షరతుకి లొంగుతున్నాయి. చట్టమే లేకపోతే ఆ లైసెన్సుకి పళ్లుండవు. ఒక చేత్తో ఫోటోషాప్ క్రాక్ (లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీ) దింపుకుంటూ రెండో చేత్తో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జిందాబాద్ అనేవాళ్లని చాలామందిని చూశాను. క్రాక్ వల్ల కంపెనీకి పోయేది తక్కువ. ఊళ్లో ప్రతి పిల్లాడి వేళ్లూ ఆ కంపెనీ మెనూలకే అలవాటు పడతాయి, రేపు ఉద్యోగంలో చేరాక ఆఫీసు దానికే డబ్బు కడుతుంది. నష్టపోయేది ఎవరూ వాడి చూడని ఆ స్వేచ్ఛా ప్రోగ్రామే.

వాడి కోపంలో న్యాయం లేదనను. మన చట్టంలో రచయిత చనిపోయాక ఇంకా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఇది మరీ ఎక్కువని నా ఉద్దేశం. మీ ఊరి గురజాడ 1915లో పోయారు కాబట్టి కన్యాశుల్కాన్ని రేపు మీ షాపులో వెయ్యి కాపీలు వేసి అమ్ముకున్నా, ఊరందరికీ వాట్సాప్‌లో పంపినా అడిగేవాడు లేడు. 1940లో పోయిన గిడుగు రాసినవీ అంతే. మీ ఊరి చాసో 1994లో పోయారు, ఆయన కథలకి 2054 చివరి దాకా ఆగాలి. కారా మాస్టారు 2021లో పోయారు, ఆయనవి 2081 దాకా. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా వెతికి తెచ్చి అందరూ చదువుకోవాలని 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టిన మనిషి ఆయన. 2081 నాటికి మీ అబ్బాయి తల ముగ్గుబుట్టై ఉంటుంది. ఈ గడువు తగ్గించాలని వాడు పోట్లాడితే నేనూ సంతకం పెడతాను. పోట్లాట వేరు, క్రాక్ వేరు.

ఇక మీరు చేయాల్సింది. మూడు కంప్యూటర్లూ ఒకేసారి మార్చకండి. పెళ్లిళ్ల సీజనులో ఆ పని అసలు పెట్టుకోకండి. ముందుగా ఒకటి, వాట్సాప్‌లో వచ్చినవి ప్రింటు తీసేదీ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేదీ ఉంటుంది చూడండి, దాన్ని మార్చండి. అక్కడ పనంతా బ్రౌజర్లోనే. లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్‌డిస్కు ముట్టుకోనక్కర్లేదు. ప్రింటరు, స్కానరు పనిచేస్తున్నాయో లేదో అలా చూసుకున్నాకే లోపల వేయండి. వేలిముద్రల మిషన్ తగిలించిన కంప్యూటర్ ఉంటే దాన్ని కదపొద్దు. అలాంటివాటికి డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కే ఇస్తారు. దానికి ఒక విండోస్ లైసెన్సు బిల్లుతో సహా కొని, ఆ బిల్లును కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టుకోండి. మీ అబ్బాయి దీనికి ముఖం చిట్లిస్తాడు. షాపు అద్దె కట్టేది మీరు.

అసలు కష్టం డీటీపీలో ఉంది. మీ ఆపరేటరు ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద పదిహేనేళ్లు కొట్టి ఉంటారు, ఇప్పుడు కొత్త అమరిక నేర్చుకోమంటే ఏడుపొస్తుంది. లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ పద్ధతిలో తెలుగుకి ఆపిల్ అమరిక కూడా ఉంది. ఓ వారం చెయ్యి తడబడినా తర్వాత కుదురుకుంటుంది. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. పాతది తెలుగు ఒత్తుల్ని చెల్లాచెదురు చేసేది, 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ఆ బాధ తీరింది కాబట్టి పాతది వేయకండి. పెళ్లి శుభలేఖలకి, ఫ్లెక్సీలకి ఇంక్‌స్కేప్. కోరల్‌డ్రా పాత ఫైళ్లు లిబ్రె ఆఫీసులో తెరుచుకుంటాయి గానీ అన్నీ తిన్నగా రావు. ప్రెస్సువాళ్లు పేజ్‌మేకర్ ఫైలే కావాలంటే పీడీఎఫ్ ఇచ్చి చూడండి, ఫాంట్లు అందులోనే ఉంటాయి. ఇక ఫాంట్లంటారా, గురజాడ, గిడుగు అనే పేర్లతోనే రెండు తెలుగు ఫాంట్లు ఉన్నాయి. స్వేచ్ఛా లైసెన్సు మీద ఇచ్చారు, దింపుకోవడమే. మీ ఊరి షాపులో అవి లేకపోతే ఎలా?

ఇలాంటి ఫాంట్లతో యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా తెరుచుకునే పద్ధతికి, మారండి. ఊరికే అనడం లేదు. 2004లో మా అమ్మమ్మ ఊళ్లో ఊడ్పుల పాటలు ఓ యాభై సేకరించి ఒక షాపులో టైపు చేయించాను. ఆయన మంచివాడు, సీడీలో కూడా వేసిచ్చాడు. మొన్నామధ్య తెరిస్తే పాటల బదులు ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, గీతలు. అప్పటి ఫాంటు ఏదో తెలీదు, అది కొన్నది కూడా కాదట, ఆ షాపు ఇప్పుడు మొబైల్ కవర్ల షాపు. తెలిసిన కుర్రాడు ఏదో కన్వర్టరు పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాడు. చాలావరకు వచ్చింది గానీ, ఒత్తులున్న చోటల్లా వేరే అక్షరం పడింది. 'నాగావళి' అలాగే ఉంది, 'మొక్కలు' మాత్రం పోయాయి. పాడినవాళ్లలో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఇప్పుడు సరిగ్గా వినపడదు. మీ మూడు కంప్యూటర్లలో ఇరవై ఏళ్లుగా ఇలాంటివి ఎన్ని ఉండి ఉంటాయో చూసుకోండి. సాఫ్ట్‌వేర్ తీసేసే ముందే ఆ ఫైళ్లన్నీ పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి, తర్వాత తెరవడానికి ఏమీ మిగలదు.

ఒక ఆదివారం షాపు తాళాలు అబ్బాయికిచ్చి మొదటి కంప్యూటరు వాణ్ణే మార్చమనండి. మీరు పక్కన కూర్చుని చూడండి, సలహాలు ఇవ్వకండి. ఉత్తరంలో మీ ప్రింటరు మోడలు నంబరు రాయలేదు. అది రాసి పంపితే లైనక్స్‌లో నడుస్తుందో లేదో చూసి చెప్తాను.